తాబేలు కిటికీ

కడెం ప్రాజెక్టు నీళ్లలో ఏ చేప ఎంత పెరుగుతుందో సర్కారు సార్లకు ఒక లెక్క ఉండేది. అంతయ్య నోటికి వేరే లెక్క ఉండేది. ఆయన వలలో పడ్డ జెల్లచేప ఒడ్డుకు వచ్చేసరికి మూరెడు, ఇల్లు చేరేసరికి బారెడు. కల్లు దుకాణం దాకా నడిచిందంటే ఇక దాని మీసాలకు రెండు బర్రెలను కట్టేయవచ్చు. ఎవరైనా నమ్మకపోతే ఆయనకు కోపం వచ్చేది కాదు. "నమ్మకు. నువ్వు నమ్మకుంటే అది చిన్నగైతదా?" అని బీడీ ముట్టించుకునేవాడు.

ఏ కథ పుట్టినా మొదట వినేది చెల్లెలు లింగవ్వ. వాకిట్లో కాళ్లు చాపుకొని, బొటనవేలికి దారం తగిలించి, వల అల్లుతూ వినేది. నవ్వొచ్చినప్పుడు ముడి వదులయ్యేది, మళ్లీ విప్పి వేసుకునేది. అన్న చెప్పే కథకు తోక అబద్ధమైనా తల నిజమని ఆమె నమ్మకం. మీసాలకు బర్రెలను కట్టకపోవచ్చు, జెల్ల మాత్రం పడే ఉంటుంది. చిన్నప్పటి నుంచీ ఆమె అన్న కథలను ఇలాగే తల ఉంచుకొని తోక పారేస్తూ విన్నది. ఏనాడూ నష్టపోలేదు.

పెనిమిటి పోయాక ఆమె ఈ ఊరికి తిరిగి వచ్చింది. ఆ రోజుల్లో రొయ్యలకు గిరాకీ మొదలైంది. మంచుపెట్టెల లారీ వచ్చి రొయ్యలను కరీంనగర్ తీసుకుపోయేది. రొయ్యల వలంటే సన్నకన్ను వల. లోపలికి వేలు కూడా పోదు. రెండు పక్కలా మోకులు పట్టి మగవాళ్లు ఒడ్డుకు లాగుతారు. చివర సంచిలో రొయ్యలతో పాటు నీళ్లలో ఉన్నదంతా ఊడ్చుకొని వస్తుంది. బుడ్డపరకలు, చందమామలు లాంటి చిన్న చేపలు, ఎండ్రకాయలు, ఇంకా కళ్లు తెరవని చేపపిల్లలు. రొయ్యలు ఏరుకున్నాక మిగిలింది ఏరిన ఆడవాళ్లది. అది ఆ ఒడ్డు కట్టుబాటు. ఒక్కో వలకు ముగ్గురో నలుగురో ఆడవాళ్లు ఉండి, మిగిలినదాన్ని పంచుకునేవాళ్లు. అంతయ్య మాత్రం ఒడ్డు మీద అందరి ముందు, "నా వలల మిగిలిందంతా మా చెల్లెదే. ఇంకెవ్వలు చెయ్యి పెట్టద్దు" అన్నాడు.

ఆ మాట మీద లింగవ్వ బతికింది. పరకలను బండ మీద ఎండబెట్టి, గంపకెత్తుకొని, ఖానాపూర్ అంగడికి ఒక వారం, జన్నారం అంగడికి ఒక వారం పోయేది. వదినె అనసూర్య ఇంట్లో ముద్దకు చేయి చాపకుండా, అన్న ఇంటి వెనక తన గుడిసె వేసుకొని, తన పొయ్యి తను పెట్టుకుంది. పొయ్యి మీద ఏం ఉడికినా ఆమెకు పట్టింపు లేదు. పొయ్యి తనదైతే చాలు.

ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలంలో ఆమె ఖానాపూర్ అంగడిలో గంప దించుకున్న పూటే, ఇక్కడ ఊళ్లో చేపల సొసైటీ కూర్చుంది. వానాకాలంలో సర్కారు లారీల మీద బొచ్చె, రవ్వ చేపపిల్లలను తెచ్చి ప్రాజెక్టులో వదులుతుంటే, అవి వేలెడు ఎదగకముందే రొయ్యల వలలు ఊడ్చుకొస్తున్నాయి. పెద్ద చేప లేకుండా పోయింది. సొసైటీ అధ్యక్షుడు సాంబయ్య గట్టి మనిషి. "ఈ ఏటికెల్లి రొయ్యల వల బంద్" అన్నాడు. అప్పుడు అంతయ్య లేచి, రొయ్య మాత్రమే పడి చేపపిల్ల పడని వల తెస్తానన్నాడు. అందరూ నవ్వారు. నవ్వేవాళ్ల మధ్య ఆయన బకెట్‌లో నీళ్లు పోయించి, నాలుగు రొయ్యలను, నాలుగు పిల్లలను వేసి, చేయి ముంచి చూపించాడు. చేయి తగలగానే పిల్లలు ఎగిరి చెదిరాయి, రొయ్యలు అడుగున వెనక్కి జరిగాయి. "సూసిండ్రా? తొవ్వ ఇడిస్తే పిల్ల పోతది. రొయ్య అడుగున్నే ఉంటది." సాంబయ్య గడ్డం గోక్కున్నాడు. వల చేసి చూపించు, పిల్ల పడకపోతే నీ వల ఆడుతుంది, పడితే అందరిదీ బంద్ అన్నాడు.

అంతా బాగానే ఉంది. కానీ అలాంటి వల అల్లగలిగిన చేయి ఊళ్లో ఒకటే. సన్నకన్ను వలకు వెడల్పుకన్ను ముక్కను అతికించడం ఆషామాషీ కాదు. పెద్దకన్ను చిన్నకన్నును లాగి ముడత పెడితే వల నీళ్లలో తెరుచుకోదు. ఆ లెక్క లింగవ్వ వేళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. చేపపిల్ల పోయే దారి గుండా లింగవ్వ పొయ్యి కూడా పోతుందని అంతయ్యకు తెలుసు. సొసైటీలో అందరికీ తెలుసు.

అంగడి నుంచి ఆమె వచ్చేసరికి అంతయ్య వాకిట్లో వల పరిచి, తల పట్టుకొని కూర్చున్నాడు. సంచి పక్కన వల బారెడు పొడుగున చిరిగి ఉంది.

"గిదేందన్నా?"

"ఏం చెప్పాలె చెల్లే! తాబేలు."

"తాబేలా?"

"బండిగిర్రంత ఉన్నది. నా కండ్లతోని సూసిన. వలల పడి, ఊపిరాడక, పండ్లతోని కొరికి చింపింది."

లింగవ్వ గంప దించి నవ్వింది. "తాబేలుకు పండ్లెక్కడియే?"

"ముసల్ది గదా, ఊడిపోయినయట. నిర్మల్ పోయి బొమ్మలు చేసేటోళ్ల దగ్గర కొయ్యపండ్లు కట్టిచ్చుకున్నది."

"రంగు గూడ ఏయించుకున్నదా?"

"ఎర్రరంగు. ఆకు నమిలినట్టు కొడ్తాంది."

ఆమె నవ్వి నవ్వి గుంజకు ఆనుకుంది. తోక పారేసింది, తల ఉంచుకుంది. కొయ్యపండ్లు అబద్ధం. ఏదో తాబేలు మాత్రం నిజం, చిరిగిన వల కళ్ల ముందే ఉంది.

"ఇప్పుడేం చేస్తవ్?"

"కిటికీ పెడ్దాం. సంచికి ముంగట, పక్కకు, మూడు వేళ్ల కన్నుతోని ఒక ముక్క. తాబేలు అండ్లకెల్లి మూతి పెట్టి గాలి పీల్చుకుంటది. పానం నిమ్మలమైతే వల కొరకది. మెల్లగ ఎనుకకు మర్లిపోతది."

"పక్కకెందుకన్నా? గాలికి ఎవ్వలైనా పైకే సూస్తరు గదా. మీద పెట్టు. ఆడైతే బురద గూడ ఆనది, కన్ను తెర్సుకొని ఉంటది."

అంతయ్య ఎప్పుడూ మాటకు మాట తడుముకునేవాడు కాదు. ఆ క్షణం మాత్రం చిరిగిన వలను ఒళ్లోకి లాక్కొని ముడులు లెక్కపెట్టుకున్నాడు. తర్వాత, "నీ బుద్ధే బుద్ధి చెల్లే" అన్నాడు. దంచుతున్న రోకలి ఆపి అనసూర్య లోపలికి పోయింది.

ఆ ఎండాకాలంలో నెల రోజులు లింగవ్వ ఆ కిటికీ మీదే కూర్చుంది. మూడు వేళ్లు అడ్డం పెట్టి కన్ను కొలుచుకుంటూ, అంచుల్లో రెండు చిన్నకన్నులను ఒక పెద్దకన్నుకు జతచేస్తూ అల్లింది. మొదట అల్లింది ముడత పడితే విప్పేసింది. మళ్లీ అల్లింది. తాబేలు ముసలిదని, మూతికి గరుకు తగలకూడదని ముడులను చేపనూనెతో రుద్దింది. వేళ్ల సందులు కోసుకుపోయాయి. అంగడికి పోయే వారాల్లో రెండు మానుకుంది. అన్న పక్కన కూర్చుని తాబేలు కొత్త ముచ్చట్లు చెప్పేవాడు. అది మంచిర్యాలలో రైలెక్కబోతే టికెట్ ఇవ్వలేదట. ఆమె నవ్వేది. ఆయన నవ్వించి, ఆమె వేళ్ల దిక్కు చూసి, ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఎండకేమో అనుకుంది.

కొత్త వల నీళ్లకు దింపే రోజు, అల్లిన చేయే సంచి ముడి విప్పాలి. అందుకని లింగవ్వ ఉతికిన చీర కట్టుకుంది. గంప, చాట కడిగి తెచ్చుకుంది. ఒడ్డుకు వస్తే జాతరలా ఉంది. సొసైటీ మగవాళ్లంతా వచ్చారు, రొయ్యలు ఏరే ఆడవాళ్లు మాత్రం తమ బండ దగ్గరే ఉన్నారు. ఏదో సర్కారు సారు గొడుగు కింద నిలబడ్డాడు. ఒక తాబేలును చూడడానికి ఇంతమందా అని ఆమె మురిసింది.

మోకులు లాగారు. సంచి ఒడ్డుకు వచ్చింది. "అల్లిన చెయ్యి రావాలె" అని సాంబయ్య పిలిచాడు. లింగవ్వ మోకాళ్ల మీద కూర్చుని ముడి విప్పింది.

రొయ్యలు దూకాయి. ఒకదాని మీద ఒకటి, మీసాలు ఊపుకుంటూ, అద్దాల్లా మెరుస్తూ. ఒడ్డు మీద కేకలు లేచాయి. లింగవ్వ చేయి పెట్టి కలిపింది. కింద రొయ్యలే. ఇంకా కింద నాలుగు నీటి ఆకులు, ఒక నత్త, దారి తెలియని ఒక చందమామ. వల తిరగేసి దులిపింది. ఏమీ రాలలేదు. ఆమె కడిగి తెచ్చిన గంప పక్కనే ఉంది, ఇంకా తడి ఆరలేదు.

"అన్నా, పరకలేవి?" అంది. "తాబేలు మింగిందా?"

మగవాళ్లు గొల్లున నవ్వారు. ఒకడు కూర్చుండిపోయి తొడ కొట్టుకున్నాడు. సాంబయ్య కూడా నవ్వి, "ఇంకా తాబేలే అంటవేందే లింగవ్వా! గా కిటికీ తాబేలుకు గాదు, చేపపిల్లకు. మీద పెట్టుమని నువ్వే చెప్పినవట గదా? పక్కకు పెడ్తే సగం పిల్లలు ఆగిపోతుండె. సారుకు చెప్పిన, మా లింగవ్వ బుద్ధని" అన్నాడు.

గొడుగు కింద సారు ఆమెకు తలూపాడు. జీవితంలో మొదటిసారి ఒక సర్కారు మనిషి ఆమెను మెచ్చుకున్నాడు. లింగవ్వ అన్న కోసం చూసింది. ఆయన మోకు చుట్టుకుంటున్నాడు, ఎంత చుట్టినా ఆ మోకు అయిపోవడం లేదు. వదినె వైపు చూసింది. అనసూర్య కొంగు సర్దుకుంది. ఒడ్డు మీద తాబేలును నమ్మింది తను ఒక్కతే అని అప్పుడు అర్థమైంది. ఆమె వల అల్లిన అన్ని రోజులూ సొసైటీ మొత్తం ఆమె వెనక నవ్వుకుంది.

ఎండ దిగకముందే ఆమె అన్న వాకిట్లో నిలబడింది.

"వల ఎవలు చింపిండ్రు?"

అంతయ్య బీడీ వెతుక్కున్నాడు. అనసూర్యే చెప్పింది. "నేనే చింపిన. కత్తిపీటతోని. ఆయన పట్టుకున్నడు, నేను కోసిన. ఏం జెయ్యాలె వదినా, వల బందైతే మేమేం తినాలె?"

"నాకు చెప్తే నేనేం తినాలె అని అడుగుతనని చెప్పలేదా?"

"చెప్తే నువ్వల్లవనుకున్న" అన్నాడు అంతయ్య.

"నువ్వు చెప్పిన మాట ఎన్నడన్న కాదన్ననా? అన్నా, ఎన్నడన్న?"

జవాబు లేని చోట ఆయనెప్పుడూ కథ పెట్టేవాడు. ఇప్పుడు అదీ దొరకలేదు. "గట్ల గాదు చెల్లే. వల బందైతే నీకూ ఏం రాకపోవు. పిల్లలు బతికితే రెండేండ్లకు బొచ్చెలు గుమ్మిల వడ్ల లెక్కుంటయి. ఇది నీకూ మంచిదే. రొయ్యలల్ల దోసెడు నీకు పంపుత."

"మంచిదైతే చెప్పి చేద్దువు. నా పొయ్యి నా చేతులతోనే ఆర్పిచ్చినవ్. నవ్వుకుంట ఆర్పిచ్చినవ్."

"నేను నవ్వలే."

"నన్ను నవ్విచ్చినవ్ గదా."

ఆ మాటకు అనసూర్య లోపలికి పోయింది. అంతయ్యా పోయి ఉంటే బాగుండేది. పోలేదు. ఆయన దగ్గర ఇంకో పని మిగిలి ఉంది. గొంతు తగ్గించి చెప్పాడు. సొసైటీ మిగతా వలలన్నిటికీ కిటికీ పెట్టమన్నది. ఆ వలల మీద బతికే ఆడవాళ్లు ఒప్పుకోరు. లింగవ్వ పోయి తాబేలు ముచ్చట చెబితే నమ్ముతారు. "నీ నోట్లకెల్లి వస్తే నమ్ముతరు. నువ్వు అబద్ధం చెప్పవని అందరికెరుక."

లింగవ్వ అన్నను చాలాసేపు చూసింది. చెప్పులు లేకుండా ఎండిన బురదలో నిలబడ్డ ఆ మనిషి చిన్నప్పుడు తనను భుజం మీద మోసినవాడే. అవునో కాదో ఖాయం చేసుకుంటున్నట్టు చూసింది. తర్వాత వెళ్లిపోయింది.

మరునాడు పొద్దున ఆడవాళ్లు రొయ్యలు ఏరే బండ దగ్గరికి పోయింది. సాంబయ్య వల మీద ఏరే నర్సవ్వ అక్కడ అందరికీ పెద్ద. లింగవ్వ నిలబడే చెప్పింది. తాబేలు లేదు, గీబేలు లేదు. ఆ కిటికీ పెడితే మీ గంపల్లోకి ఒక్క పరక రాదు. నా గంప చూడండి. నన్ను మోసం చేశారు, మిమ్మల్నీ చేస్తారు. పెట్టుకోవాలా వద్దా మీరే తేల్చుకోండి, ముందు మాత్రం తెలుసుకొని తేల్చుకోండి.

నర్సవ్వ రొయ్యల చాట దించి, నడుము మీద చేయి పెట్టుకుంది.

"తాబేలు లేదా? మొన్న నేను సూసిన."

"ఏం సూసినవ్?"

"గా రాయి దగ్గర తల లేపింది. తుమ్మింది గూడ."

"నాకు గూడ ఇనచ్చింది తుమ్ము" అంది ఇంకొకామె.

"అక్కా, గది మా అన్న కథ. నిర్మల్‌ల పండ్లు కట్టిచ్చుకున్నదని నాకు చెప్పిండు!"

"పండ్లు గూడ ఉన్నయా!" అని నర్సవ్వ పక్కామె వైపు తిరిగింది. "ఇన్నవా? గందుకే మన వల గుంజల కాడ గట్ల చినిగింది."

లింగవ్వకు నెత్తి కొట్టుకోవాలనిపించింది. ఎంత చెబితే తాబేలు అంత పెరుగుతోంది. చివరికి నర్సవ్వ అసలు మాట బయటపెట్టింది. "నీ అన్న వల కొత్తది. నీ అన్న వలకు తాబేలు కిటికీ ఉండాలె, మా వలలు మాత్రం చినుగాలెనా? మాకల్లవని సీదా చెప్పరాదా? సాకులెందుకే?"

"అల్ల. మీకు మోసం అల్ల."

"సూడుండ్రి, అల్లదట" అని నర్సవ్వ అందరికీ వినిపించేలా అంది.

లింగవ్వ అల్లలేదు. లింగవ్వ వలను నమూనాగా పెట్టుకొని అనసూర్య అల్లింది. లింగవ్వ పక్కన కూర్చుని ఏళ్లుగా చూసిన చేయి ఆమెది. అక్కడక్కడా ముడతలు పడ్డా, నూనె రాయకున్నా, పని నడిచింది. వానలకు ముందే అన్ని వలలకూ కిటికీలు వచ్చాయి. అన్ని గంపలూ ఎండాయి. రొయ్యలు మాత్రం మంచుపెట్టెల్లో కూర్చుని మహారాజుల్లా కరీంనగర్ పోయాయి.

అప్పుడు నర్సవ్వ, ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్లు లింగవ్వ గుడిసెకు వచ్చారు. లింగవ్వ తునికాకు కోస్తోంది. పరకలు పోయాక లక్షెట్టిపేట బీడీల కార్ఖానా నుంచి ఆకు తెచ్చుకుంటోంది. చేపల గంపలో ఆకుకట్టలు ఉన్నాయి.

"నీకు ముందే ఎరుక" అంది నర్సవ్వ.

"చెప్పిన గదా అక్కా. బండ మీద నిలవడి చెప్పిన."

"చెప్పినవ్. మేం నమ్మకుంట చెప్పినవ్. అంతయ్య చెల్లెవు గాదా? కోపం జేసుకున్నట్టు చేసి, తాబేలు లేదు లేదని, మాకు ఉన్నదనిపిచ్చినవ్. అన్నాచెల్లెండ్లు మంచిగాడిండ్రు మాతోని."

ఏం చెప్పినా అది ఇంకో తాబేలు అవుతుందని లింగవ్వకు తోచింది. కోసిన ఆకును కట్టలో పెట్టింది. వాళ్లు పోతూ పోతూ ఆమె వాకిట్లో ఉమ్మలేదు గానీ, అంతకంటే మర్యాదా చేయలేదు.

వానలు కురిశాయి. సర్కారు లారీలు వచ్చాయి. ఆ ఏడు వదిలిన పిల్లలు బతికాయి. మరుసటి ఏడు పెద్ద వలల్లో బొచ్చెలు పడ్డాయి, దూడల్లా పడ్డాయి. ఈసారి అంతయ్య చెప్పడం కాదు, నిజంగానే పడ్డాయి. కిటికీ పని చేసింది. అది లింగవ్వా చూసింది. ఒడ్డు మీద బొచ్చెల కుప్ప పక్క నుంచి ఆకుకట్ట నెత్తిన పెట్టుకొని పోతుంటే, మంచే జరిగిందని మనసు ఒప్పుకుంది. ఒప్పుకున్నందుకు ఇంకా మండింది. వల తప్పయి ఉంటే అన్నను తిట్టి ఊరుకునేది. వల సరైనదే అయింది.

అంతయ్య పేరు మాత్రం ఊరు దాటింది. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి వల చూసి పోయేవాళ్లు. ఆయన దోసెడు రొయ్యలు పంపిస్తే లింగవ్వ తిప్పి పంపేది. రెండోసారి పంపితే మళ్లీ తిప్పింది. ఇక ఆయనే వచ్చాడు.

మధ్యాహ్నం ఎండ. లింగవ్వ వాకిట్లో కత్తెరతో ఆకు కోస్తోంది. అంతయ్య ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, కాసేపు ఆకుకట్టలను చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నిన్న ఒక బొచ్చె పడ్డది చెల్లే. దాని మూతిల నా తలకాయ పట్టింది. లోపలికి తొంగి సూస్తే ఏమున్నదనుకున్నవ్?"

"నిజమేనా అన్నా?"

"ఏందీ?"

"తలకాయ పట్టింది నిజమేనా?"

ఆయన నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. వెటకారంగా కూడా అడగలేదు. దుకాణంలో తూకం అడిగినట్టు అడిగింది.

"కథల నిజమేందే? సరే, తలకాయ గాదు, పిడికిలి పట్టింది."

"పిడికిలి పట్టింది నిజమేనా?"

"లింగా..."

"అడుగుతున్న. బొచ్చె పడ్డదా, గదన్న నిజమేనా?"

"పడ్డది. నీ మీద ఒట్టు."

"నా మీద ఒద్దు. సూసినోళ్లున్నరా?"

"ఉన్నరు. సాంబయ్య ఉన్నడు. మస్తు మంది ఉన్నరు."

"గట్లయితే ఆళ్లను తోలుకరా, అప్పుడింట నీ కథ" అని ఆమె ఇంకో ఆకు తీసుకుంది.

అంతయ్య బీడీ తీసి నోట్లో పెట్టుకున్నాడు. అగ్గిపెట్టె లింగవ్వ మోకాలి పక్కనే ఉంది. అడిగితే ఇచ్చేదే. ఆయన అడగలేదు. ముట్టించని బీడీ నోట్లో ఉండగానే లేచి, ధోవతి దులుపుకొని, తన ఇంటి దిక్కు నడిచాడు. వెనక కత్తెర చప్పుడు ఆగలేదు.